గున్నయ్య దాచిన ఇల్లు

సాయంత్రం లాంచీ కూత వేసే వేళకి నత్తలదిబ్బ జైల్లో ఖైదీలందరూ పెద్ద అరుగు మీద వరసలు కట్టి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటారు. ఒళ్ళో చేట, చేటలో బియ్యం, ఎడమచేతి మణికట్టుకి బూడిదరంగు పట్టీ. పట్టీ మీద మినపగింజంత దీపం. ఎదురుగా గాజుగదిలో డాక్టర్ చారుమతి స్క్రీన్ ముందు కూర్చుని అందరి దీపాలనూ ఒకేసారి చూస్తుంటుంది. రేవులో లాంచీ పొడుగ్గా కూత వేస్తుంది. ఆ కూత దీవి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపిస్తుంది.

ఆ రోజూ వేసింది. స్క్రీన్ మీద దీపాలు దాదాపు అన్నీ పచ్చగానే ఉన్నాయి. అక్కడక్కడ ఒకటీ అరా పసుపు. మూడో వరస చివర మాత్రం ఒకటి ఎర్రగా వెలిగింది. అది ఎవరిదా అని చారుమతి వెతకనక్కర్లేదు. ఏలియాది. ఆ కుర్రవాడు దీవి మీద కాలు పెట్టిన రోజు నుంచీ అది అలాగే వెలుగుతోంది. ఏలియా చేట పక్కన పెట్టి, ఎవరూ చెప్పకముందే లేచి, తల వంచుకుని తన గదికి నడిచాడు. అతను లోపలికి వెళ్ళగానే తలుపు దానంతటదే మూసుకుంది. మళ్ళీ తెల్లవారేదాకా తెరుచుకోదు.

అతను వదిలేసిన చేటని పక్కనే కూర్చున్న గున్నయ్య తన ఒళ్ళోకి లాక్కుని, మిగిలిన రాళ్ళు కూడా ఏరేశాడు. గున్నయ్య ఆ జైలు వంటశాలకి మేస్త్రీ. తనూ ఖైదీయే.

నత్తలదిబ్బ పేరు చెబితే తీరంలో మారాం చేసే పిల్లలు ఇప్పటికీ గమ్మున అన్నం తింటారు. ఒకప్పుడు ఆ పేరు ఊరికే రాలేదు. నిలువెత్తు రాతిగోడ, కాళ్ళకి సంకెళ్ళు, నిలబడడానికి తప్ప కూర్చోడానికి వీల్లేని చీకటి కొట్లు, వార్డర్ల చేతుల్లో తడిపిన తాళ్ళు. గున్నయ్య అవన్నీ చూసినవాడే. అతని చీలమండల చుట్టూ వెంట్రుక మొలవని చోటు రెండు కడియాల్లా ఇంకా కనిపిస్తుంది. చారుమతి తన యంత్రం పట్టుకుని వచ్చాక అవన్నీ పోయాయి. గోడ పడగొట్టించింది. ఆ రాళ్ళతోనే అరుగు కట్టించింది. తాళ్ళూ సంకెళ్ళూ లాంచీ ఎక్కి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ ఒక్క పనికి ఆవిడ ఫొటో పెట్టుకుని దండం పెట్టే ఖైదీలు ఉన్నారంటే అబద్ధం కాదు.

యంత్రం సంగతి చెప్పుకోవాలంటే పెద్ద చదువేమీ అక్కర్లేదు. పారిపోదామని మనిషికి అనిపించినప్పుడు ఆ కబురు నోటికంటే ముందు ఒంటికి తెలుస్తుంది. గుండె ఒక్కసారి తన్నుకుంటుంది. అరచేతికి చెమట పడుతుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నా, లేవడానికి సిద్ధం కమ్మని మెదడు తొడల్లో కండరాలకి కబురు పంపేస్తుంది. దాని అలికిడి మణికట్టు దగ్గర నరంలో సన్నగా తగులుతుంది. పట్టీలోని సెన్సర్ దాన్ని పట్టుకుని ఒక అంకెగా మారుస్తుంది. ఆ అంకెకి పుస్తకాల్లో పేరు ఫ్లైట్ ఇండెక్స్. ఖైదీలు దాన్ని గాలి అంటారు. మనసు మళ్ళితే గాలి మళ్ళింది అనుకోవడం మనకి అలవాటే కదా. పొద్దున్న గంజి తాగుతూ ఒకరినొకరు ‘నిన్న నీ గాలెలా ఉంది’ అని అడగడం అక్కడి కుశలప్రశ్న.

అంకె ఎంతుంటే పచ్చ, ఎంత దాటితే ఎరుపు అనేది తేల్చడానికి చారుమతికి మొదట్లో ఒక కొలబద్ద కావలసివచ్చింది. పారిపోవలసిన అవసరం లేని మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో తెలియాలంటే స్వేచ్ఛగా తిరిగే మనిషి ఒకరు కావాలి. ఎవరినో బతిమాలడం ఎందుకని తన చేతికే పట్టీ కట్టుకుని నెలల తరబడి అదే కూత వింది. ఆ అంకే పచ్చకి ప్రమాణం అయింది. ఇప్పటికీ ఆ పట్టీ ఆవిడ చేతికి ఉంటుంది. కూత వేళ దాని వైపు ఒకసారి చూసుకోవడం ఆవిడకి గడియారం చూసుకున్నంత మామూలు. కూత కూడా ఆవిడ పెట్టించిందే. బ్యాటరీ లాంచీకి చప్పుడుండదు. ఇంటికి వెళ్ళే పడవ కదులుతోందని తెలియడంకంటే పెద్ద పరీక్ష ఖైదీకి ఏముంటుంది చెప్పండి.

ఏడాది పాటు కూత వేళ ఒక్క ఎరుపూ పడకపోతే ఆ మనిషి మారినట్టు లెక్క. అప్పుడు బయటినుంచి ఒకరొచ్చి, వీడి బాధ్యత నాది అని జామీను ఉంటే లాంచీ ఎక్కించి పంపిస్తారు. పద్ధతి అంత సులువు. గున్నయ్య దీపం పట్టీ కట్టిన రోజు నుంచీ పచ్చ తప్ప మరో రంగు ఎరగదు. అయినా దీవి మీదే ఉన్నాడు. జామీను ఉండడానికి అతనికి ఎవరూ లేరు. దానికి అతను బాధపడగా చూసినవాళ్ళూ లేరు.

బియ్యంలో రాళ్ళ సంగతి చెప్పాలి. జైలుకొచ్చే బియ్యం మిల్లులో మెషిన్ పట్టి వచ్చినవి. వాటిలో రాయన్నది భూతద్దం పెట్టినా దొరకదు. యంత్రం వచ్చిన కొత్తలో కూత వేళ అందరూ చేతులు ముడుచుకుని భయంతో కూర్చునేవాళ్ళు. ఆ భయానికే గాలి మళ్ళి ఎర్రదీపాలు వెలిగేవి. గున్నయ్య వంటవాడు. చేతులకి పని ఉంటే మనసు చేతుల దగ్గరే ఉంటుందని అతనికి తెలుసు. గోడ పడగొట్టినప్పుడు రాలిన చిన్న చిన్న రాళ్ళు ఏరుకొచ్చి, ఉప్పు జాడీలో దాచాడు. రోజూ మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఆ రాళ్ళని బియ్యంలో కలుపుతాడు. సాయంత్రం అందరూ ఏరి పక్కన పోసినవి మళ్ళీ జాడీలో వేసుకుంటాడు. మర్నాడు మళ్ళీ కలుపుతాడు. జైలర్ ఒకసారి ఈ మిల్లువాడి మీద కంప్లయింట్ రాస్తానని లేచాడు. గున్నయ్య కంగారుగా, వొద్దు బావూ, పేదోడై ఉంతాడు, పోనీండని సర్దిచెప్పాడు.

ఏలియాకి మాత్రం ఆ రాళ్ళు పనిచెయ్యలేదు. బాపట్ల వైపు సముద్రపుటొడ్డు ఊరు అతనిది. రొయ్యల చెరువు దగ్గర మాటామాటా పెరిగి ఒకణ్ణి గెంటితే, వాడు వెళ్ళి నీళ్ళు చిలికే ఏరేటర్ రెక్కల మీద పడి చచ్చిపోయాడు. ఇంట్లో భార్య సువార్త, ఎస్తేరు అనే పాప. నెలకోసారి ఇద్దరూ ములాఖత్‌కి వస్తారు. వాళ్ళు ఎక్కిన లాంచీయే సాయంత్రం కూత వేస్తుంది. ఏలియా వేళ్ళు చేటలో ఉంటాయి, కళ్ళు రేవులో ఉంటాయి. వాళ్ళు రాని రోజున కూడా అంతే. ఎస్తేరుకి వాళ్ళ నాన్న ఇప్పుడు ఈ ములాఖత్ షెడ్డులో ఉంటాడనీ, షెడ్డు దాటి రాడనీ మాత్రమే తెలుసు. ఇలాగే ఉంటే అది పెద్దమనిషయ్యేదాకా కూడా అతను ఇల్లు చేరడు.

గున్నయ్య జైలర్‌ని అడిగి ఏలియాని వంటశాల పనిలోకి తీసుకున్నాడు. మొదట్లో ఏం మాట్లాడేవాడు కాదు, పప్పు రుబ్బించేవాడు, డేగిసాలు తోమించేవాడు. ఒక ములాఖత్ మర్నాడు ఏలియా ఉల్లిపాయలు తరుగుతూ, ఉల్లిపాయలకి మించి ఏడ్చాడు.

“బాబాయ్, నావల్ల కాదు,” అన్నాడు. “ఆ కూత వింటంటే కాళ్ళు వాటంతటవే లేస్తన్నాయి. నువ్వెట్టా ఉంటన్నావో నాకు తెలవట్లా.”

“నాకేటుంది బావూ, గాలి మళ్ళడానికి,” అన్నాడు గున్నయ్య. “సంపింది నా తమ్ముణ్ణే. నాకున్నోడు ఆడొక్కడే. ఇంటిది పెల్లయిన రెండో ఏడే పోనాది. కూత ఏసినా ఎయ్యకపోయినా నాకు ఒకటే.”

ఆ మాట అతను ఏడుస్తూ చెప్పలేదు. తాలింపులో కరివేపాకు వేస్తూ చెప్పాడు. కానీ ఏలియా ఏడుపు ఆపి అతని వంక చూశాడు. గున్నయ్యకి ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. మాట మార్చడానికి ఏదో ఒకటి అనాలని అన్నాడో, నిజంగా అప్పుడే తట్టిందో అతనికే తెలీదు.

“ఒక పని సెయ్యి. నీ ఇల్లు నాకిచ్చీ. నా కాడ జాగా ఖాళీగా ఉంది. నాను దాస్తాను. ఎల్లే రోజున తీసుకుందువుగానిలే.”

ఇల్లు ఇవ్వడం ఏమిటని ఏలియా నవ్వబోయాడు. గున్నయ్య నవ్వలేదు. పద్ధతి చెప్పాడు. రోజూ కూతకి ముందు ఇంటి సంగతి ఒక్కటి తనకి చెప్పాలి. చెప్పాక అది ఏలియాది కాదు. తలుచుకోబోతే, అది గున్నయ్య దగ్గర ఉందిలే, పాడవదులే అని గుర్తు చేసుకుని చేటలోకి చూడాలి. అడిగి తీసుకోవడం కుదరదు. రేవులో లాంచీ ఎక్కే రోజున అన్నీ కలిపి ఒకేసారి ఇస్తాడు.

ఆ సాయంత్రం ఏలియా ముందు తలుపు ఇచ్చాడు. నీలం రంగు తలుపు, వానాకాలం ఉబ్బి బిగుసుకుపోతే కాస్త పైకెత్తి తియ్యాలి. మర్నాడు గడప. ఆ గడప ఎత్తుగా ఉంటుంది, వచ్చినవాళ్ళందరి కాలి వేలూ దానికే తగులుతుంది, గడప కాటేసిందని ఎస్తేరు అంటుంది. తర్వాత పెరటి తలుపు, సముద్రపు గాలికి అది కొట్టుకోకుండా అడ్డం పెట్టే పొత్రం. చెప్పుల అట్టపెట్టెలో తప్ప గుడ్డు పెట్టని గోధుమరంగు పెట్ట. వంకాయ కాల్చేటప్పుడు సువార్త చేసే చిన్న కూనిరాగం, తను పాడుతున్నట్టు ఆమెకే తెలీదు. కారం దంచినప్పుడు ఆమె వేసే వరస తుమ్ములు, ఒక్కో తుమ్ముకీ ఎస్తేరు చప్పట్లు.

మొదట్లో దీపం ఎర్రగానే వెలిగింది. తర్వాత పసుపు, ఎరుపు మధ్య ఊగులాడింది. అన్నిటికంటే చివర ఏలియా ఇచ్చింది ఎస్తేరు నిద్ర. అతను ఇంట్లో ఉన్నప్పుడు నాన్న చెవితమ్మె పట్టుకుంటే తప్ప ఆ పాపకి నిద్ర పట్టేది కాదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూతపడ్డాక కూడా కాసేపు నలుపుతూనే ఉండేది. ఇది చెప్పడానికి ఏలియాకి చాలా రోజులు పట్టింది. చెప్పిన సాయంత్రం కూత వేసింది. ఏలియా చేటలోంచి తెల్లరాయి ఒకటి తీసి పక్కన పెట్టాడు. దీపం పచ్చగా ఉంది.

అరుగంతా ఒక్క క్షణం చేతులు ఆపింది. గాజుగదిలో చారుమతి లేచి నిలబడింది. ఏడాది లెక్క ఆ రోజే మొదలైంది.

నెలలు గడిచాయి. ఏలియా ఒళ్ళు చేశాడు, పాచికలాటలో దొంగాట ఆడడం నేర్చుకున్నాడు. ములాఖత్ రోజున షెడ్డులో వచ్చినవాళ్ళకి టీ, ఉప్మా పట్టుకెళ్ళే పని గున్నయ్యదే. ఒకసారి అతను ఖాళీ గ్లాసులు తీసుకుంటుంటే సువార్త అతని వెనకే వచ్చింది. ఏలియా పాపని భుజాన ఎక్కించుకుని పీతలు చూపిస్తున్నాడు.

“బాబాయ్, ఈయనకి మీరేం చేశారు?” అంది. గొంతులో కోపం ఉంది, భయం కూడా ఉంది. “పెట్ట గుడ్లు పెడతందని చెబితే, ఏ పెట్ట అన్నట్టు చూస్తన్నాడు. చుట్టాన్ని చూసినట్టు చూస్తన్నాడు నన్ను. ఇట్టా మార్చి పంపితే నేనేం చేసుకోను?”

గున్నయ్య ట్రే కింద పెట్టాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“ఏటీ అవలేదమ్మా. మీ ఇల్లు నా కాడ ఉంది. పెట్ట సెప్పుల పెట్టెలోనే ఉంది. తలుపు పైకెత్తి తీస్తన్నాను. నువ్వు తుమ్మినప్పుడు పాప సప్పట్లు కొడతంది. ఒక్కటీ పోనేదు.”

సువార్త అతని ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గున్నయ్యకి అర్థం కాలేదు. ఆ రోజు లాంచీ ఎక్కేముందు ఆమె పాపని పంపి, తాతకి చెప్పిరా అంది. ఎస్తేరు పరిగెత్తుకొచ్చి గున్నయ్య మోకాళ్ళని కావలించుకుని వెళ్ళిపోయింది. తాత అని అతన్ని అంతకుముందు ఎవరూ అనలేదు.

అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. గున్నయ్య తనని ఖాళీ జాడీ అనుకున్నాడు. జాడీలో ఉప్పు పోసినా పప్పు పోసినా జాడీకేమీ కాదు కదా అనుకున్నాడు. దాచిన వస్తువుని మధ్యమధ్య తీసి దుమ్ము దులపాలి కదా, లేకపోతే పాడైపోదూ. అందుకని పప్పు ఉడికే లోపల కళ్ళు మూసుకుని, నీలం తలుపు పైకెత్తి తీసి, గడప జాగ్రత్తగా దాటి, ఇల్లంతా ఒకసారి చూసి వచ్చేవాడు. రానురాను రోజుకోసారి సరిపోయేది కాదు. పడుకున్నప్పుడు తన చెవితమ్మె తనే పట్టుకుంటున్నట్టు అతను గమనించనే లేదు.

ఏడాది నిండింది. సువార్త అన్న వచ్చి జామీను ఉన్నాడు. రేవులో వార్డర్ ఏలియా చేతి పట్టీ విప్పాడు. లాంచీ కూతకి ఇంకా కాస్త సమయం ఉంది. ఇద్దరూ చెక్కమెట్ల మీద కూర్చున్నారు. గున్నయ్య ఇచ్చిన మాట ప్రకారం అన్నీ తిరిగి ఇచ్చాడు. తలుపు, గడప, పొత్రం, పెట్ట, కూనిరాగం, తుమ్ములు. ఏలియా మొదట పరాయివాళ్ళ కథ విన్నట్టు విన్నాడు. సగానికి వచ్చేసరికి గున్నయ్య వైపు జరిగాడు. చెవితమ్మె దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. అతని కాళ్ళు వాటంతటవే లేచాయి.

“నెల తిరిగేసరికి వస్తా బాబాయ్,” అన్నాడు లాంచీ అంచు పట్టుకుని. “నీకు జామీను నేనుంటా. వరండాలో మంచం వేయిస్తా. నువ్వు రావాల్సిందే, సువార్త చెప్పమంది.”

లాంచీ కూత వేసింది. గున్నయ్య పట్టీ వంక చూసుకున్నాడు. దీపం పసుపుగా ఉంది. పొయ్యి సెగకి చెడిపోయిందేమో అనుకుని అంగీకి తుడిచాడు.

అన్నీ తిరిగి ఇచ్చేశాను కదా అనే గున్నయ్య ధైర్యం. కానీ చెప్పిన మాట చెప్పినవాడి దగ్గర కూడా ఉండిపోతుందని అతనికి తట్టలేదు. ఆ నెలంతా వరండాలో మంచం అతని చెవిలో పోరు పెట్టింది. తల ఏ వైపు పెట్టుకోవాలి, వాన జల్లు పడుతుందా, పొద్దున్నే లేచి పెట్టని తనే వదలొచ్చా. వంటలో ఉప్పు రెండుసార్లు పడింది.

చెప్పినట్టే ఏలియా వచ్చాడు. సువార్త, ఎస్తేరు వెంట ఉన్నారు. జైలర్ కాగితాల మీద సంతకాలు చేయించి, గున్నయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. ఈ నెల కాస్త పసుపు పడినా, ఇన్నేళ్ళ పచ్చ ఈ దీవి మీద ఎవరికీ లేదన్నాడు. ఇంక మిగిలింది ఆ సాయంత్రం కూత ఒక్కటే. అది చివరి రీడింగ్. పొద్దున్న లాంచీకి గున్నయ్య వెళ్ళిపోవచ్చు, ఏలియా అవతలి రేవులో ఎదురుచూస్తాడు. ములాఖత్ షెడ్డులో ఎస్తేరు గున్నయ్య ఒళ్ళో చేరి, టీ చల్లారేలోగా నిద్రపోయింది. నిద్రలోకి జారేముందు తడుముకుంటూ చెయ్యి పైకి చాపి, అతని చెవితమ్మె పట్టుకుంది.

సాయంత్రం గున్నయ్య అరుగు మీద తన చోట్లో కూర్చున్నాడు. చేటలో వేళ్ళు పెట్టాడు. రేవులో లాంచీ మీద ముగ్గురూ కనిపిస్తున్నారు. చూడకూడదనుకున్నాడు. నా కాడ ఏటీ నేదు, అన్నీ ఇచ్చీసినాను అనుకున్నాడు. కూత మొదలైంది. దానిలోంచి పాప గొంతు సన్నగా, తాతా అని వినిపించింది.

దీపం ఎర్రగా వెలిగింది. పసుపు కూడా కాలేదు, నేరుగా ఎరుపు.

గున్నయ్య చేట కింద పెట్టాడు. తన చెయ్యి కాదేమో అన్నట్టు చూసుకున్నాడు. వరసలో ఒక్కరూ కదల్లేదు. ఎన్నో ఏళ్ళుగా ఏలియా లాంటివాళ్ళు నడిచి వెళ్ళిన దారిలోనే అతనూ తల వంచుకుని నడిచాడు. వెనక తలుపు మూసుకున్న చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందని అతనికి తెలీదు. పొద్దున్న లాంచీ అతను లేకుండానే వెళ్ళింది. మళ్ళీ మొదటినుంచి ఏడాది.

చారుమతి ఆ రాత్రి అవతలి క్వార్టర్‌కి వెళ్ళకుండా దీవి మీదే ఉండిపోయింది. పొద్దున్నే వంటశాలకి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. నవ్వు తక్కువైనా మాట నెమ్మదైన మనిషి.

“గున్నయ్యగారూ, యంత్రాన్ని మూడుసార్లు చూశాను. తప్పు లేదు. బయట మీకు ఎవరూ లేరని ఫైల్లో ఉంది. మరి ఎక్కడికి పారిపోదామనుకున్నారు?”

“పారిపోటం గాదమ్మా. ఇంటికెల్దామనిపించింది.”

“ఏ ఇల్లు?”

గున్నయ్య చెప్పాడు. తలుపు దగ్గర మొదలుపెట్టి చెవితమ్మె దాకా, గరిటె తిప్పుతూనే చెప్పాడు. అది తనది కాదని, దాయమంటే దాచానని, అడగ్గానే ఇచ్చేశానని కూడా చెప్పాడు. చారుమతి మొదట రాసుకుంది. కాసేపటికి రాయడం ఆపేసింది. పారిపోదామనుకున్నా ఇంటికెళ్దామనుకున్నా ఒళ్ళు ఒకేలాగే సిద్ధమవుతుందని, ఈ రెంటికీ తేడా తన సెన్సర్‌కి తెలీదని నెమ్మదిగా, తనకి తనే చెప్పుకున్నట్టు అంది. ఎరుపంటే నేరమని ఇన్నాళ్ళూ అనుకున్నానంది. అయితే పచ్చకి అర్థమేమిటో అని ఆగిపోయింది. ఆవిడ చూపు తన మణికట్టు మీద పడింది.

గున్నయ్య ఆవిడ ముందు గంజి గ్లాసు పెట్టాడు. ఎన్నాళ్ళనుంచో అడగాలని ఉన్న మాట ఒకటి ఇప్పుడు అడగొచ్చనిపించింది.

“అమ్మా, తమరు అవతల లాంచీ దిగినప్పుడు ఎవరైనా వస్తారా, తీసుకెల్లడానికి?”

చారుమతి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఎవరూ రారంది. క్వార్టర్ ఉందని, అందులో పుస్తకాలున్నాయని, దీవి మీదే పని ఎక్కువని అంది. గ్లాసు పక్కన పెట్టి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఆవిడ ఏం లెక్క కడుతోందో గున్నయ్యకి తెలీదు. తర్వాత పైకే చెప్పింది.

“పచ్చని నా చేతి మీదే కొలిచాను. కూత విని కదలని మనిషి మంచి మనిషి అనుకున్నాను. నాలాంటివాళ్ళనే ఏరి ఏరి బయటికి పంపుతున్నాను గున్నయ్యగారూ. ఇంటికోసం కొట్టుకులాడేవాళ్ళని ఇక్కడ ఉంచుతున్నాను.”

గున్నయ్యకి ఆవిడ మీద జాలేసింది. తన ఏడాది పోయిన సంగతి కూడా ఆ క్షణం గుర్తు రాలేదు. పోనీండమ్మా, సంకెళ్ళు తీయించింది తమరే కదా అన్నాడు. చారుమతి పైవాళ్ళకి రాస్తానంది. బయట ఇళ్ళూ పిల్లలూ ఉన్నవాళ్ళ చేతులకి పట్టీలు కట్టి కొత్త ప్రమాణం తియ్యాలి, కమిటీ కూర్చోవాలి, అప్పటిదాకా పాత రూలే నడుస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనంది.

ఆ సాయంత్రం ఆవిడ గాజుగదిలోకి వెళ్ళలేదు. అరుగు మీద గున్నయ్య పక్కన కూర్చుని, నాకూ ఒక చేట ఇమ్మంది. తన చేటే అందించబోయి గున్నయ్య ఆగాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా అతను వంటశాలలో ఈవిడతోనే ఉండిపోయాడు, రాళ్ళు కలపనే లేదు. కానీ బియ్యంలో రాళ్ళున్నాయి. అతను రోజూ కలిపే తెల్లరాయి ఉంది, ముక్కు ఆకారపు రాయి ఉంది. తలెత్తి చూస్తే ముందు వరసలో ముసలి దాలినాయుడు, పక్కన మరో ఇద్దరు, అటు తిరిగి శ్రద్ధగా ఏరుకుంటున్నారు. ఎన్నేళ్ళనుంచి తెలుసో వీళ్ళకి. ఒక్కడూ ఇన్నాళ్ళు నోరు మెదపలేదు. జాడీ మొత్తం ఈ రోజు అతని చేటలోనే పోశారు. గున్నయ్య ఏదో అనబోయాడు.

“ఒరే గున్నా, ఏరుకో, మాటాడకుండా ఏరుకో,” అన్నాడు దాలినాయుడు వెనక్కి తిరక్కుండానే.

లాంచీ కూత వేసింది. చారుమతి చెయ్యి, గున్నయ్య చెయ్యి పక్కపక్కనే ఉన్నాయి. ఆవిడ దీపం పచ్చగా ఉంది. అతనిది ఎర్రగా ఉంది. ఆవిడ రెంటినీ చూసి, తన చేతిని చేట కిందికి లాక్కుంది.

గున్నయ్య లేచాడు. ఏరిన రాళ్ళు జాగ్రత్తగా దాలినాయుడి చేతిలో పోశాడు, రేపటికి కావాలి కదా. గదిలోకి వెళ్ళాక తలుపు మూసుకుంది. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. ఆ రేవుని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాడు, కానీ అది ఇంత దూరమని ఎప్పుడూ అనిపించలేదు. సంకెళ్ళప్పుడు, చీకటి కొట్టులో కూడా ఇలా లేదు. నత్తలదిబ్బ అతనికి మొదటిసారి జైలులా ఉంది. రెండు చేతులతో ఊచలు పట్టుకుని, లాంచీ కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు. తర్వాత పక్క మీద వాలి, చెవితమ్మె పట్టుకుని, నీలం తలుపు కాస్త పైకెత్తి తీశాడు.